ఎడమకాలికి ఉద్యోగం పోయిన కథ

మూడో సంవత్సరం టెక్నికల్ సెమినార్‌కి నేను తీసుకున్న టాపిక్ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. మొత్తం ఇరవై రెండు స్లైడ్లు, రెండు యానిమేషన్లు. చివరి స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం: "మాన్యువల్ కథ ముగిసింది." క్లాసంతా చప్పట్లు కొట్టారు. నేను పెన్‌డ్రైవ్ తీసేసుకుంటుంటే వెనక బెంచీలో కూర్చున్న సార్ అడిగారు.

"బాగుంది బాబూ. ఒక్క డౌట్. అంత గొప్పదైతే పోర్షే వాళ్లు జీటీ3లో మాన్యువల్ తీసేసి, నాలుగేళ్లకి మళ్లీ ఎందుకు తెచ్చారు?"

నా దగ్గర సమాధానం లేదు. "కస్టమర్ డిమాండ్ సార్" అని ఏదో గొణిగాను. సార్ నవ్వి, "అది సమాధానం కాదు, సమాధానానికి పేరు" అన్నారు. మార్కులు బాగానే వేశారు. ఆ మాట మాత్రం సెమిస్టర్ అంతా గుచ్చుకుంటూనే ఉంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా రాస్తున్న జవాబు. మెకానికల్ వాళ్లకి కొంత తెలిసిన విషయమే. సీఎస్‌ఈ, ఈసీఈ మిత్రుల కోసం మొదటి నుంచీ చెబుతాను.

అసలు గేర్లు ఎందుకు?

పెట్రోల్ ఇంజిన్‌కి ఒక బలహీనత ఉంది. సున్నా స్పీడు నుంచి అది లాగలేదు. తిరుగుతూ ఉంటేనే బతికుంటుంది. సుమారు 800 ఆర్‌పీఎం కంటే కిందికి పోతే ఆగిపోతుంది, పైన 6000 - 7000 దాటితే దానికే ప్రమాదం. చక్రాలు మాత్రం సున్నా నుంచి 200 కిలోమీటర్ల వేగం వరకూ తిరగాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చే మధ్యవర్తి గేర్‌బాక్స్. తిరుగుతున్న ఇంజిన్‌ని, ఆగి ఉన్న చక్రాలని మెల్లగా కలిపేది క్లచ్.

డ్రైవింగ్ నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఆ "మెల్లగా" అనే మాట విలువ తెలుసు. మా బాబాయి నాకు కారు నేర్పించిన మొదటి రోజు బండి పదకొండు సార్లు ఆగిపోయింది. "ఒరేయ్, క్లచ్ వదలడం అంటే చెయ్యి వదలడం కాదురా, పసిపిల్లని మంచం మీద పడుకోబెట్టినట్టు వదలాలి" అన్నాడు. పన్నెండోసారి బండి కదిలింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఈ సంతోషాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

మాన్యువల్‌లో గేర్ మార్చేటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. ఎడమకాలు క్లచ్ తొక్కుతుంది. ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. కుడికాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. చెయ్యి గేర్ రాడ్‌ని పాత గేరులోంచి తీసి కొత్త గేరులోకి వేస్తుంది. లోపల సింక్రోనైజర్ రింగు రాపిడితో రెండు వేగాలనీ కలుపుతుంది. తర్వాత క్లచ్ వదులుతాం. చేయి తిరిగిన డ్రైవర్‌కి కూడా ఇదంతా సుమారు అర సెకను.

అర సెకను పెద్ద విషయమా? లెక్క వేయండి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో అర సెకనుకి కారు దాదాపు 14 మీటర్లు పోతుంది. ఆ 14 మీటర్లూ వెనక నుంచి తోసేవాడు లేకుండా పోతుంది. కారు సెకనుకి సెకనుకి 4 మీటర్ల త్వరణంతో వెళ్తోందనుకుంటే, ఒక్క గేర్ మార్పులో రావలసిన వేగంలో సెకనుకి 2 మీటర్లు, అంటే గంటకి 7 కిలోమీటర్లు పైగా రాకుండా పోతుంది. మనం ఆఫీసుకి వెళ్లే కారులో దీన్ని ఎవడూ పట్టించుకోడు. రేసు కారులో అదే గెలుపూ ఓటమీ.

పెళ్లి భోజనాల లెక్క

డ్యూయల్ క్లచ్‌ని అర్థం చేసుకోవడానికి పెళ్లి భోజనాల పంక్తి గుర్తుచేసుకోండి. వడ్డించేవాడు ఒక్కడే ఉంటే అన్నం వడ్డించి, వంటశాలకి వెళ్లి, బకెట్టు పెట్టి, సాంబారు బకెట్టు పట్టుకుని రావాలి. అంతవరకు మనం ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అది మాన్యువల్. ఇద్దరుంటే? ఒకడు అన్నం వడ్డిస్తుండగానే రెండోవాడు సాంబారు పట్టుకుని వాడి వెనకే నిలబడి ఉంటాడు. మొదటివాడు పక్కకి జరగ్గానే గరిటె పడుతుంది. తినేవాడి చెయ్యి ఆగదు. అది డ్యూయల్ క్లచ్.

యంత్రంలో ఇది ఇలా అమరుతుంది. గేర్లని బేసి, సరి అని రెండు జట్లుగా విడదీస్తారు. 1, 3, 5, 7 ఒక ఇన్‌పుట్ షాఫ్టు మీద. 2, 4, 6 ఇంకో ఇన్‌పుట్ షాఫ్టు మీద. ఒక షాఫ్టు బోలుగా గొట్టంలా ఉంటుంది, రెండోది దాని లోపలి నుంచి దూరి వెళ్తుంది. ఒక్కో షాఫ్టుకి ఒక్కో క్లచ్. బండి రెండో గేరులో లాగుతుంటే సరి క్లచ్ పట్టి ఉంటుంది. అదే సమయంలో బేసి షాఫ్టు మీద మూడో గేరు ముందే వేసి ఉంటుంది, దాని క్లచ్ మాత్రం వదిలి ఉంటుంది. మార్చాల్సిన క్షణం వచ్చినప్పుడు సరి క్లచ్ వదులుతూ ఉండగానే బేసి క్లచ్ పడుతూ ఉంటుంది. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరుగుతుంది. చక్రాలకి అందే తోపు ఎక్కడా సున్నాకి పడదు.

గమనించాల్సింది ఏమిటంటే, లోపల ఉన్నవి మాన్యువల్ గేర్లే. అవే పళ్లచక్రాలు, అవే సింక్రోనైజర్లు. టార్క్ కన్వర్టర్ ఉన్న మామూలు ఆటోమేటిక్ లాంటిది కాదిది. కాలు, చెయ్యి చేసే పనిని ఆయిల్ ప్రెషరూ, సోలెనాయిడ్ వాల్వులూ, ఒక కంట్రోల్ యూనిటూ తీసుకున్నాయి. స్టీరింగ్ వెనక రెండు ప్యాడిల్స్ ఉంటాయి. మనం "మార్చు" అని చెప్పడం వరకే. మార్చేది అది.

ఇందులో ఒక చిక్కు ఉంది, నా సెమినార్‌లో దీన్ని దాటేశాను. ఏ గేరు ముందే వేసి ఉంచాలో కంప్యూటర్ ఊహించాలి. మూడో గేరులో స్పీడు పెరుగుతుంటే నాలుగు సిద్ధం చేస్తుంది. అప్పుడు హఠాత్తుగా మనం రెండు కావాలంటే? రెండూ, నాలుగూ ఒకే షాఫ్టు మీద ఉన్నాయి కాబట్టి నాలుగుని తీసి రెండుని వేసేదాకా ఆగాలి. సాంబారు బకెట్టుతో వచ్చినవాణ్ణి "కాదు, కూర తే" అంటే వాడు వెనక్కి పోయి రావాలి కదా, అలాగే. ఆరు నుంచి నేరుగా నాలుగుకి రావడం కూడా ఇలాంటిదే, రెండూ సరి జట్టులోవే. అందుకే ఈ గేర్‌బాక్స్ గొప్పతనం సగం ఇనుములో ఉంటే, సగం ఊహించే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. సీఎస్‌ఈ వాళ్లు కాలర్ ఎగరేయొచ్చు.

ఆలోచన పాతదే

ఈ ఆలోచన 2000ల నాటిది అనుకున్నాను. తప్పు. ఫ్రెంచ్ ఇంజినీర్ అడాల్ఫ్ కెగ్రెస్ 1939లోనే దీన్ని ఊహించాడు. ఒకప్పుడు రష్యా జార్ చక్రవర్తి గ్యారేజీలో పనిచేసి, ముందు చక్రాలు, వెనక పట్టాలు ఉండే హాఫ్ ట్రాక్ బండ్లు కనిపెట్టినవాడు ఈయనే. సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ కారులో రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ పెట్టాలనుకున్నాడు. యుద్ధం వచ్చింది, 1943లో ఆయన పోయాడు. ఆలోచన కాగితం మీద మిగిలింది. ఎందుకంటే రెండు క్లచ్‌లని ఒకే క్షణంలో, ఒకదానికొకటి తగ్గట్టు ఆడించగల మెదడు అప్పటికి పుట్టలేదు. మనిషి కాళ్లతో అది అయ్యే పని కాదు.

ఆ మెదడు 1980లలో వచ్చింది. పోర్షే తన 956, ఆ తర్వాత 962 రేసు కార్లలో దీన్ని పరీక్షించింది. పీడీకే అని పేరు పెట్టారు. అందులోని డోపెల్‌కుప్లుంగ్ అనే జర్మన్ మాటకి రెండు క్లచ్‌లు అనే అర్థం. రేసులో దీని అసలు లాభం వేరే ఉంది. అవి టర్బో కార్లు. గేర్ మార్చేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే టర్బో ఊపు తగ్గిపోయి, మళ్లీ అందుకోవడానికి టైం పడుతుంది. పీడీకేతో డ్రైవర్ కాలు తీయనక్కరలేదు, టర్బో తిరుగుతూనే ఉంటుంది. 1986లో మోంజాలో హాన్స్ స్టక్, డెరెక్ బెల్ జోడీ పీడీకే ఉన్న 962తో గెలిచింది. ఆడి స్పోర్ట్ క్వాత్రో ఎస్1 ర్యాలీ కారులో కూడా 1985లో వాల్టర్ రోల్ దీన్ని నడిపాడు. కానీ బరువు ఎక్కువ, ఆనాటి ఎలక్ట్రానిక్స్‌కి నమ్మకం తక్కువ. రోడ్డు మీదికి రావడానికి ఇంకో పదిహేడేళ్లు పట్టింది.

ఈలోగా ఫెరారీ ఇంకో దారి పట్టింది. 1989లో జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640 ఫార్ములా వన్ కారుకి క్లచ్ ఒక్కటే, గేర్లు మార్చేది మాత్రం స్టీరింగ్ వెనక ప్యాడిల్స్. బ్రెజిల్‌లో మొదటి రేసులోనే నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. 1997లో అదే పద్ధతి ఎఫ్355 రోడ్డు కారులోకి దిగింది. 2007 నాటి 430 స్కుడేరియాలో గేర్ మార్పు 60 మిల్లీ సెకన్లకి తగ్గిందని ఫెరారీ ప్రకటించింది. కనురెప్ప వేసే లోపల అయిపోయినట్టే.

మరి 60 మిల్లీ సెకన్లు సాధించాక రెండో క్లచ్ ఎందుకు? ఇక్కడే నాకు మొదటిసారి లైటు వెలిగింది. సమస్య సమయం ఒక్కటే కాదు, ఖాళీ. ఒక్క క్లచ్ ఉన్నప్పుడు ఆ 60 మిల్లీ సెకన్లయినా తోపు తెగుతుంది, తర్వాత ఒక్కసారిగా తగులుతుంది. రేసులో ఆ కుదుపు పౌరుషంలా అనిపిస్తుంది. అదే కారుని మెల్లగా నడిపితే ప్రతి గేరుకీ తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. డ్యూయల్ క్లచ్ వచ్చింది ఆ ఊపుని చంపడానికి.

పదేళ్లలో ఆక్రమణ

విచిత్రం ఏమిటంటే రోడ్డు మీద ముందుగా వచ్చింది సూపర్ కారులో కాదు. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32లో, ఆరు గేర్ల డీఎస్‌జీగా వచ్చింది. ఆ తర్వాత వరస చూడండి. 2005లో బుగాటీ వేరాన్. 2007లో నిస్సాన్ జీటీ-ఆర్, దాంట్లో మాన్యువల్ ఆప్షనే లేదు. 2008లో పోర్షే 911లో పీడీకే, అదే ఏడాది ఫెరారీ కాలిఫోర్నియా. 2009లో ఫెరారీ 458 మాన్యువల్ లేకుండానే వచ్చింది. 2011లో మెక్‌లారెన్ ఎంపీ4-12సీ, 2014లో లంబోర్గినీ హురకాన్ అంతే. 2019లో ఎనిమిదో తరం కార్వెట్ ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్‌తో వచ్చినప్పుడు అమెరికా అభిమానులు గుండెలు బాదుకున్నారు. నవ్వొచ్చే సంగతేమిటంటే 1953లో మొట్టమొదటి కార్వెట్ వచ్చింది రెండే గేర్ల ఆటోమేటిక్‌తో. అప్పుడు కూడా మాన్యువల్ లేదు!

ఎందుకింత త్వరగా గెలిచింది? స్టాప్‌వాచ్ అబద్ధం చెప్పదు. 2021 పోర్షే 911 జీటీ3నే తీసుకోండి. అదే ఇంజిన్, అదే 510 హార్స్‌పవర్. 0 నుంచి 100కి పీడీకేతో 3.4 సెకన్లు, మాన్యువల్‌తో 3.9. అర సెకను తేడా. పైగా పీడీకే ఎవరి చేతిలోనైనా ప్రతిసారీ దాదాపు అదే టైం ఇస్తుంది. మాన్యువల్‌లో అది డ్రైవర్ మూడ్ మీద, చెప్పుల మీద కూడా ఆధారపడుతుంది.

మన ట్రాఫిక్‌లోకి వస్తే

సూపర్ కారు కోసం పుట్టిన ఈ యంత్రం మామూలు కార్లలోకి దిగినప్పుడు కథ మలుపు తిరిగింది. ఇండియాలో 2013లో పోలో జీటీ టీఎస్ఐ ఏడు గేర్ల డీఎస్‌జీతో వచ్చింది. 2019లో మన అనంతపురం వైపు పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన సెల్టోస్‌లోనూ ఏడు గేర్ల డీసీటీ ఉంది. అంటే మోంజా రేసులో నలిగిన ఆలోచన ఇప్పుడు రాయలసీమలో తయారయ్యే కారులో కూర్చుంది.

ఇక్కడ రెండు రకాలున్నాయి. తడి క్లచ్, పొడి క్లచ్. తడి క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వేడిని ఆయిల్ లాక్కుపోతుంది, ఎక్కువ టార్క్ తట్టుకుంటాయి. కానీ ఆయిల్ పంపు, కూలర్ కోసం కొంత శక్తి ఖర్చు. పొడి క్లచ్ తేలిక, చవక, మైలేజీకి మంచిది. కానీ దాని వేడిని లాగేది చుట్టూ ఉన్న గాలే.

ఎంత వేడి? దీనికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, ఇంటర్ ఫిజిక్స్ చాలు. ఇంజిన్ వేగం స్థిరంగా ఉంచి, క్లచ్ జార్చుతూ ఆగి ఉన్న బండిని కదిలిస్తే, బండికి ఎంత గతిశక్తి వస్తుందో క్లచ్‌లో సుమారుగా అంతే వేడి పుడుతుంది. ఇంజిన్ ఇచ్చిన పనిలో సగం బండికి, సగం బూడిదకి అన్నమాట. 1400 కిలోల బండి, గంటకి 10 కిలోమీటర్లు, అంటే సెకనుకి 2.78 మీటర్లు. సగం × 1400 × 2.78 వర్గం = సుమారు 5,400 జౌల్స్. ట్రాఫిక్‌లో ప్రతి 20 సెకన్లకి ఒకసారి ఇలా కదిలితే సగటున 270 వాట్లు. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు అనుకుంటే అందులో నాలుగో వంతు. పర్లేదు, తట్టుకుంటుంది.

ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కేచోట జామ్ ఊహించండి. 5 శాతం వాలు. మనలో చాలామంది బ్రేక్ తొక్కరు, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి బండిని వాలు మీద అలా నిలబెడతారు. మాన్యువల్ వాళ్లు దీన్నే హాఫ్ క్లచ్ అంటారు. బండి వెనక్కి జారకుండా ఆపడానికి సుమారు 690 న్యూటన్ల బలం కావాలి. చక్రం వ్యాసార్థం 0.3 మీటర్లు, మొదటి గేరు మొత్తం నిష్పత్తి 14 అనుకుంటే క్లచ్ దగ్గర సుమారు 15 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ 1000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే అది 1,500 వాట్లకి పైమాటే. బండి కదలడం లేదు కాబట్టి ఆ మొత్తమూ వేడే. అంటే ఒకటిన్నర ఇస్త్రీ పెట్టెలు, గాలి ఆడని డబ్బాలో, ఒక పొడి ప్లేటు మీద. ఆ పరిస్థితిలో క్లచ్ వాసన రాకపోతేనే ఆశ్చర్యం.

అందుకే ఇది చదివాక ఒక్క విషయం గుర్తుంచుకున్నా చాలు: డీసీటీ బండి వాలు మీద ఆగితే బ్రేక్‌తోనే ఆపండి. బంపర్‌కి బంపర్ ట్రాఫిక్‌లో జానెడు జానెడు జరపకుండా, ముందు కాస్త ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. ఆటోమేటిక్‌లా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది క్లచ్ ప్లేటే. మన ఎడమకాలికి ఉద్యోగం పోయింది, కానీ ఆ కాలు చేసే పని పోలేదు. అది కనపడని చోట ఇంకెవరో చేస్తున్నారు, అంతే.

ఈ వేడి, మెకట్రానిక్స్ ఇబ్బందులు కంపెనీలకి ఖరీదైన పాఠాలే నేర్పాయి. 2013లో చైనాలో ఫోక్స్‌వాగన్ డీఎస్‌జీ ఇబ్బందుల వల్ల 3.8 లక్షలకి పైగా కార్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. తర్వాత చాలామంది తడి క్లచ్ వైపు మళ్లారు. 2022లో టాటా ఆల్ట్రోజ్ డీసీఏ వచ్చినప్పుడు తడి క్లచ్ అన్నది ప్రచారంలో గట్టిగా చెప్పుకున్న విషయం.

ఇప్పుడు సార్ ప్రశ్న

2013లో పోర్షే కొత్త 911 జీటీ3ని పీడీకేతో మాత్రమే తెచ్చింది. లెక్క ప్రకారం సరైన నిర్ణయం. జీటీ3 ట్రాక్ కోసం పుట్టిన కారు, ట్రాక్ మీద పీడీకే వేగం. ఎవరూ కాదనలేరు. కానీ అభిమానులు గొడవ పెట్టారు. 2016లో పోర్షే 911 ఆర్ అని ఒక కారు తెచ్చింది. 500 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్ మాత్రమే, 991 కార్లు మాత్రమే. అన్నీ అమ్ముడైపోయి, చేతులు మారేటప్పుడు అసలు ధర కంటే బాగా ఎక్కువ పలికాయి. 2017లో జీటీ3కి మాన్యువల్ మళ్లీ వచ్చింది. నిదానంగా పోయే గేర్‌బాక్స్ కోసం జనం ఎదురుచూశారు!

ఇది కేవలం డబ్బున్నవాళ్ల పిచ్చి అని కొట్టిపారేద్దామనుకున్నాను. తర్వాత అదే జీటీ3 స్పెసిఫికేషన్ షీటు మళ్లీ చూశాను. 2021 మాన్యువల్ కారు పీడీకే కంటే 17 కిలోలు తేలిక. గరిష్ఠ వేగం పీడీకేకి 318, మాన్యువల్‌కి 320. సెమినార్‌కి నేను 0-100 ఒక్కటే ఎత్తి రాసుకున్నాను, పక్క వరసలు చూడనేలేదు. అయినా ఆ రెండు కిలోమీటర్ల కోసం ఎవరూ మాన్యువల్ కొనరు. మరి దేనికోసం?

దిగేటప్పుడు గేర్ మార్పు గురించి ఆలోచించండి. మూడు నుంచి రెండుకి దిగితే ఇంజిన్ 4000 నుంచి సుమారు 5600కి ఎక్కాలి. మంచి డ్రైవర్ కుడికాలి ముందు భాగంతో బ్రేక్ తొక్కుతూనే, అదే కాలి అంచుతో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి ఆ 1600 ఆర్‌పీఎం తేడాని పూడుస్తాడు. సరిగ్గా కుదిరితే కారు కిమ్మనదు. కుదరకపోతే ఊగిపోతుంది. డ్యూయల్ క్లచ్‌లో ఇది ప్రతిసారీ కుదురుతుంది. ప్రతిసారీ కుదరడం వల్లే కుదిరినప్పటి ఆనందం ఉండదు. బాబాయి పక్కన కూర్చుని పన్నెండోసారి బండి కదిలించినప్పుడు నాకు కలిగింది ఇదే. పదకొండు సార్లు ఆగిపోకుండా ఉంటే పన్నెండోది నాకు గుర్తే ఉండేది కాదు.

అయితే దీన్ని పట్టుకుని "మాన్యువలే అసలైన డ్రైవింగ్" అని ఊగిపోయేవాళ్లతో కూడా నేను లేను. ఎడమకాలు పనిచేయనివాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, రోజూ మూడు గంటలు ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి నడుం పట్టేసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఆ మూడో పెడల్ లేకపోవడం సుఖం మాత్రమే కాదు, కొందరికి స్టీరింగ్ ముందు కూర్చోగలగడమే. మనకి ఆటగా ఉన్నది ఇంకొకరికి అడ్డు కావచ్చు.

డ్యూయల్ క్లచ్ కూడా శాశ్వత విజేత కాదు. బీఎండబ్ల్యూ తన 2014 ఎం3లో మాన్యువల్‌కి తోడు డ్యూయల్ క్లచ్ ఇచ్చింది. 2020 ఎం3కి వచ్చేసరికి దాన్ని వదిలేసి, మాన్యువల్ ఒకవైపు, టార్క్ కన్వర్టర్ ఉన్న ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఇంకోవైపు పెట్టింది. పాతకాలపుదని మనం పక్కన పెట్టిన టార్క్ కన్వర్టర్ ఈలోగా త్వరగా గేర్లు మార్చడం నేర్చుకుంది. ట్రాఫిక్‌లో మెల్లగా పాకడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఎవరి కథా ముగియలేదు.

ఇక ఎలక్ట్రిక్ కార్లు. చాలావాటికి గేర్లు మార్చే పనే లేదు. కానీ 2023లో వచ్చిన హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్‌లో ఒక మోడ్ ఉంది. అది ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్ ఉన్నట్టు నటిస్తుంది. ప్యాడిల్ లాగితే మోటారు తోపుని కావాలని ఒక క్షణం తగ్గించి, చిన్న కుదుపు ఇస్తుంది. తోపులో ఆ ఖాళీని పోగొట్టడానికి కెగ్రెస్ నుంచి పోర్షే దాకా ఇంజినీర్లు డెబ్బై ఏళ్లు తపస్సు చేశారు. ఇప్పుడు దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తిరిగి పెడుతున్నారు!

ఇప్పుడు సార్‌కి చెప్పగలను. సార్, పీడీకే దేన్ని తగ్గించడానికి పుట్టిందో దాన్ని తగ్గించింది: తోపులో ఖాళీని, ల్యాప్ టైంని. 911 ఆర్ కొన్నవాళ్లు తగ్గించమని అడిగింది అది కాదు. ఆప్టిమైజేషన్ క్లాసులో మీరే చెప్పారు, ఆబ్జెక్టివ్ ఫంక్షన్ తప్పుగా రాసుకుంటే సాల్వర్ ఎంత మంచిదైనా వచ్చేది తప్పు జవాబే అని. పోర్షే 2013లో సాల్వర్‌ని మార్చలేదు. 2016లో ప్రశ్నని మార్చుకుంది.

నా పాత ప్రెజెంటేషన్ ఫైల్ ఇంకా ఉంది. జూనియర్స్ అడిగితే ఇస్తాను. చివరి స్లైడ్ మాత్రం మార్చాను. "మాన్యువల్ కథ ముగిసింది" తీసేసి మూడు ప్రశ్నలు రాశాను: ఎవరి కోసం? ఏ రోడ్డు మీద? దేన్ని కొలుస్తున్నాం? ఈసారి చప్పట్లు కొట్టకపోయినా పర్లేదు, వెనక బెంచీ నుంచి ఇంకో డౌట్ వస్తే చాలు.